పొగగొట్టం వదిలిన గంధకం చివరికి ఎక్కడ తేలుతుంది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి తిరిగి చెప్తాను. మీ దగ్గరున్న గాలి నాణ్యత యంత్రంలో సల్ఫర్ డయాక్సైడ్ (గంధకం కాలితే వచ్చే గ్యాస్) రోజూ ఉదయం పదింటి ప్రాంతంలో ఒక్కసారిగా పెరుగుతోంది. మధ్యాహ్నం రెండు దాటేసరికి దాదాపు మామూలు స్థాయికి వచ్చేస్తోంది. ఆ నాలుగు గంటల్లో గ్యాస్ అంతా ఎటు పోయింది? పైకెళ్లి అంతరిక్షంలో కలిసిపోతుందా, కార్బన్ డయాక్సైడ్‌లా ఏళ్ల తరబడి గాలిలోనే పోగుపడుతుందా, లేక వాన పడినప్పుడు మొత్తం కడుక్కుపోతుందా? ఇదీ మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. అంతరిక్షానికి పోదు. ఏళ్ల తరబడి పోగూ పడదు. గాలిలోకి వెళ్లిన గంధకం దాదాపు అంతా మళ్లీ నేల మీదికో, సముద్రంలోకో దిగాల్సిందే. నేలకు దగ్గరగా వదిలినదైతే ఎక్కువ భాగం వారం పది రోజుల్లోనే దిగిపోతుంది. అందులోనూ చాలా భాగానికి వానతో పనే లేదు, గ్యాస్ గ్యాస్‌గానే ఆకులకు, మట్టికి, నీళ్లకు అంటుకుపోతుంది. కానీ మీ యంత్రంలో పదింటికి కనబడి రెండింటికి కనబడకుండా పోయిన గ్యాస్ మాత్రం అలా దిగిపోలేదు. అందులో అధిక భాగం ఇంకా గాలిలోనే ఉంది. పలచబడింది, అంతే.

పలచబడటం వేరు, రూపం మారడం వేరు, గాలిని వదిలి దిగిపోవడం వేరు. యంత్రం తెర మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి, అంకె తగ్గుతుంది. అసలు గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. పందొమ్మిదేళ్లుగా వాన నీళ్లూ గాలి ఫిల్టర్లూ పట్టి అందులో ఏముందో కొలవడమే నా పని. మొదటి రెండేళ్లూ నేనూ ఈ మూడింటినీ కలిపేసి రిపోర్టులు రాసినవాడినే.

పదింటికి ఎందుకు పెరుగుతుంది

రాత్రి నేల చల్లబడుతుంది. దాన్ని ఆనుకుని ఉన్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, కదలకుండా కూర్చుంటుంది. దానికి పైన కాస్త వెచ్చటి గాలి మూత పెట్టినట్టు ఉంటుంది. ఎత్తైన పొగగొట్టం నుంచి వచ్చిన పొగ ఈ చల్లటి పొరకు పైన చేరి, రాత్రంతా పలచటి రిబ్బన్‌లా సాగుతూ ఉంటుంది. కింద ఉన్న మీ యంత్రానికి దాని ఊసే తెలియదు, సున్నాకు దగ్గరగా చూపిస్తూ ఉంటుంది.

పొద్దెక్కి నేల వేడెక్కాక కిందిగాలి కలియబెట్టినట్టు పైకి లేవడం మొదలవుతుంది. ఆ కలిసే పొర వంద మీటర్లు, రెండొందలు, మూడొందలు అంటూ ఎదుగుతుంది. అది పొగ ఉన్న ఎత్తుకు చేరిందంటే, రాత్రంతా పైన పోగైనది ఒక్కసారిగా నేలకు దిగుతుంది. మీకు పదింటికి కనబడే పెరుగుదల చాలా మటుకు అదే. అప్పుడు ఫ్యాక్టరీ ఎక్కువ వదిలిందని కాదు, రాత్రి వదిలింది అప్పుడు కిందికి వచ్చిందని అర్థం. మధ్యాహ్నానికి ఆ పొర కిలోమీటరో, కిలోమీటరున్నరో అవుతుంది. అదే గ్యాస్ ఐదారు రెట్ల గాలిలో కలిసేసరికి అంకె ఐదారో వంతుకు పడిపోతుంది.

అయితే ఇది పొగగొట్టం ఎత్తుగా ఉన్నప్పటి సంగతి. గంధకం వచ్చేది చిన్న బాయిలర్ల నుంచో, నేలకు దగ్గరగా కాలే ఇంధనం నుంచో అయితే రాత్రీ తెల్లవారుజామునా ఎక్కువ చూపించి, పొద్దెక్కేకొద్దీ తగ్గుతుంది. ఇంకొకటి, పదింటికి గాలి దిక్కు మారుతుంటే పై వివరణతో పనే లేదు. అందుకని ముందు మీ డేటాలో గాలి దిక్కు ఉన్న కాలమ్ చూడండి. నేను కొత్తలో మూడు నెలల డేటాకు రసాయన శాస్త్రంతో అందమైన వివరణ రాశాను. తీరా చూస్తే అక్కడ రోజూ ఆ సమయానికి గాలి అటు నుంచి ఇటు తిరుగుతోంది. ఆ రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ చూపించను.

మరి ఆ నాలుగు గంటల్లో నిజంగా గాలిని వదిలింది ఎంత? ఒక చిన్న లెక్క వేద్దాం. సల్ఫర్ డయాక్సైడ్ పచ్చటి నేల మీదో, నీటి మీదో అంటుకునే వేగం సెకనుకు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది. 0.8 అనుకుందాం. గాలి కిలోమీటరు ఎత్తు వరకు బాగా కలిసి ఉంటే, లక్ష సెంటీమీటర్లను 0.8తో భాగించండి. 1,25,000 సెకన్లు, అంటే సుమారు 35 గంటలు. ఈ లెక్కన నాలుగు గంటల్లో దిగేది పదకొండు శాతం దగ్గర. ఎండలో జరిగే రసాయన చర్య నడిమధ్యాహ్నం కూడా గంటకు ఒక శాతం దగ్గరే నడుస్తుంది, అదో నాలుగు శాతం. మొత్తం పదిహేను శాతం అనుకోండి. మిగతా ఎనభై అయిదు శాతం పలచబడి గాలివాలున వెళ్లిపోయింది. మీ పక్క ఊరి వాళ్ల యంత్రం దాన్ని చూస్తూ ఉండొచ్చు.

పొడిగా దిగడం

వాన లేకపోయినా గంధకం దిగుతుందంటే చాలామంది నమ్మరు. సల్ఫర్ డయాక్సైడ్‌కు నీళ్లంటే మహా ఇష్టం. ఆకు మీద కంటికి కనబడని రంధ్రాలుంటాయి కదా, వాటి గుండా లోపలికి వెళ్లి తడి కణజాలంలో కరిగిపోతుంది. సముద్రపు నీరు కొద్దిగా క్షార గుణంతో, పీహెచ్ (7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం అని చెప్పే కొలత) 8 దగ్గర ఉంటుంది కాబట్టి ఈ గ్యాస్‌ను అక్కడికక్కడే మింగేస్తుంది. సున్నపురాయి గోడ కూడా అంతే, తడిగా ఉంటే గ్యాస్‌ను లాక్కుని రాయి పైపొరను జిప్సంగా మార్చుకుంటుంది. పాత రాతి కట్టడాల మీద వాన తగలని మూలల్లో నల్లగా పెచ్చులు కట్టి ఉంటుందే, దాంట్లో ఉన్నది చాలా వరకు మసి పట్టిన జిప్సమే.

మంచు బిందువుల దగ్గర ఒక తమాషా ఉంది. తెల్లవారుజామున గడ్డి మీద పట్టిన మంచులో ఈ గ్యాస్ మొదట గబగబా కరుగుతుంది. కరిగేకొద్దీ ఆ బొట్టు ఆమ్లమవుతుంది, ఆమ్లమయ్యేకొద్దీ ఇక కరగనివ్వదు. గాలిలో అమ్మోనియా ఉంటే అది ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది, మళ్లీ కరగడం మొదలవుతుంది. అందుకే పశువుల కొట్టాల దగ్గర, ఎరువులు వేసిన పొలాల దగ్గర ఈ గ్యాస్ త్వరగా దిగుతుంది. ఎండిపోయిన ఇసుక నేల మీదా, గడ్డకట్టిన పొడి మంచు మీదా నెమ్మదిస్తుంది.

మొత్తం మీద మనుషులు వదిలే సల్ఫర్ డయాక్సైడ్‌లో సుమారు సగం ఇలా గ్యాస్‌గానే నేలను చేరుతుంది. మిగతా సగం రూపం మార్చుకుంటుంది.

మబ్బులో జరిగేది

రూపం మారడానికి రెండు దారులున్నాయి. ఒకటి పొడిదారి. ఎండ వల్ల గాలిలో పుట్టే హైడ్రాక్సిల్ అనే చురుకైన రాడికల్ ఈ గ్యాస్‌ను పట్టుకుంటుంది. తర్వాత ఆక్సిజన్, నీటి ఆవిరి కలిసి దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తాయి. పగటి పూటే జరుగుతుంది, నిదానం. రాత్రీ పగలూ కలిపి సగటు చూస్తే ఈ దారిలోనే మొత్తం మారాలంటే వారం పైనే పడుతుంది.

రెండోది తడిదారి, అసలు పని అక్కడే జరుగుతుంది. మబ్బులోనో పొగమంచులోనో ఉన్న నీటి బొట్టులో గ్యాస్ కరిగి బైసల్ఫైట్ అవుతుంది. అదే బొట్టులో హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఉంటే, నిమిషాల్లో సల్ఫేట్, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనూ దాని లవణాల్లోనూ ఉండే గంధకం రూపం, అయి కూర్చుంటుంది. ఆశ్చర్యపోకండి, పుండ్లు కడిగే ఆ పెరాక్సైడే, గాలిలో కొద్దికొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. ఓజోన్ కూడా ఈ పని చేస్తుంది గానీ బొట్టు ఆమ్లమయ్యేకొద్దీ చతికిలబడుతుంది. పెరాక్సైడ్‌కు ఆ బాధ లేదు. ఇనుము, మాంగనీసు ఉన్న దుమ్ము బొట్టులో పడితే మామూలు ఆక్సిజనే ఆ పని కొంత చేసిపెడుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలా రిపోర్టులు దీన్ని వదిలేస్తాయి. ఒక అణువు సల్ఫర్ డయాక్సైడ్‌ను మార్చాలంటే ఒక అణువు పెరాక్సైడ్ ఖర్చవుతుంది. ఎండాకాలం గాలిలో పెరాక్సైడ్ పుష్కలం. చలికాలం ఎండ తగ్గుతుంది కాబట్టి అది కరువవుతుంది. అప్పుడు మబ్బులో పెరాక్సైడ్ అయిపోతుంది, గ్యాస్ మాత్రం మిగిలిపోతుంది. కాబట్టి చలికాలంలో ఫ్యాక్టరీలు గంధకం సగానికి తగ్గించినా సల్ఫేట్ సగానికి తగ్గదు, తక్కువే తగ్గుతుంది. ముందు మిగిలిపోతున్న గ్యాస్ తగ్గుతుంది, ఆ తర్వాతే సల్ఫేట్ దిగివస్తుంది. "ఇంత ఖర్చు పెట్టాం, ఫలితమేదీ?" అని అడిగేవాళ్లకు నేను ముందు ఈ సంగతే చెప్తాను.

నా అనుభవంలో ఒకటి. మేం వాడే ఫిల్టర్ గూటిలో ఒకదాని వెనక ఒకటి రెండు బిళ్లలుంటాయి. ముందుది తెల్లటి టెఫ్లాన్ బిళ్ల, కణాలను ఆపుతుంది. దాని వెనక పొటాషియం కార్బొనేట్ పట్టించిన కాగితం బిళ్ల, కణాలు ఆగిపోయాక మిగిలిన సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. ఒక చలికాలం మూడు రోజులు వదలకుండా పొగమంచు కమ్మింది. గ్యాస్ యంత్రం అంకెలు చక్కగా తగ్గాయి, గాలి శుభ్రపడిందని అక్కడి కుర్రాడు సంబరపడ్డాడు. నాలుగో రోజు గూడు విప్పితే ముందు బిళ్ల తడిసి బూడిద రంగుకు తిరిగింది. పటకారుతో ఎత్తితే అంచు దగ్గర అతుక్కుంది. నీళ్లలో నానబెట్టి, కరిగిన లవణాలను విడివిడిగా కొలిచే అయాన్ క్రొమాటోగ్రఫీ యంత్రంలో పెట్టాం. సల్ఫేట్ శిఖరం గ్రాఫు కాగితం దాటిపోయింది, పలచన చేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. వెనక బిళ్లలో గ్యాస్ వాటా మామూలు రోజుల కంటే తక్కువ. గంధకం ఎక్కడికీ పోలేదన్నమాట, వెనక బిళ్ల నుంచి ముందు బిళ్లకు మారింది.

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన పొగమంచులో పెద్ద ఎత్తున జరిగింది ఇలాంటిదే. బొగ్గు పొగ, కదలని గాలి, చుట్టూ నీటి బొట్లు. గ్యాస్ ఆ బొట్లలోనే ఆమ్లమైంది. అప్పట్లో 4,000 మంది అదనంగా చనిపోయారని లెక్కగట్టారు, తర్వాతి అధ్యయనాలు ఆ సంఖ్యను 12,000 దాకా తీసుకెళ్లాయి.

సల్ఫేట్ కణం ఎందుకు మొండిది

గ్యాస్‌గా ఉన్నప్పుడు గంధకం ఆయుష్షు ఒకటి రెండు రోజులు. సల్ఫేట్ అయ్యాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం. దీనికి కారణం ఆ కణం సైజు. మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు నుంచి ఒక మైక్రాన్ మధ్య ఉంటుంది. ఇసుక రేణువులా బరువుతో పడిపోయేంత పెద్దది కాదు, గ్యాస్ అణువులా అటూ ఇటూ తిరుగుతూ ఆకుకు తగులుకునేంత చిన్నదీ కాదు. పొడిగా దిగే వేగం గ్యాస్‌తో పోలిస్తే ఐదో వంతో, పదో వంతో. దాన్ని దించాలంటే వానే దిక్కు.

ఈ నాలుగైదు రోజుల్లో అది ఎంత దూరం పోతుందో చూడండి. సెకనుకు ఐదు మీటర్ల గాలి అంటే రోజుకు 430 కిలోమీటర్లు. నాలుగైదు రోజులకు రెండు వేల కిలోమీటర్లు. గ్యాస్ సమస్య పొగగొట్టం దగ్గరివాళ్లది, సల్ఫేట్ సమస్య ఆ పొగగొట్టం పేరు కూడా వినని వాళ్లది. హవాయిలో కిలవేయా అగ్నిపర్వతం దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బిలం పక్కన ముక్కు మండించే గ్యాస్, దీవికి అవతల కోనా తీరానికి చేరేసరికి ఎండను మసకబార్చే తెల్లటి పొగ. గంధకం అదే, మధ్యలో కొన్ని గంటల ప్రయాణం.

బరువు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. ఒక శాతం గంధకం ఉన్న కిలో బొగ్గులో గంధకం 10 గ్రాములు. కొంచెం బూడిదలో మిగులుతుంది, దాన్ని వదిలేద్దాం. కాలితే 20 గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్. మారితే 30 గ్రాముల సల్ఫేట్. అమ్మోనియాతో కలిస్తే 41 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్. పైగా గాలిలో తేమ 80 శాతం దాటితే ఆ కణం నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఉబ్బిన కణం వెలుతురును ఇంకా ఎక్కువ చెదరగొడుతుంది. దూరపు కొండ మధ్యాహ్నం కనబడి పొద్దున కనబడకపోవడానికి ఇదీ ఒక కారణం.

వాన: మొదటి పది నిమిషాల సంగతి

వానలో గంధకం రెండు చోట్ల దొరుకుతుంది. మబ్బులోనే సల్ఫేట్ కణం చుట్టూ బొట్టు కట్టి, ఆ బొట్టే వానై దిగడం ఒకటి. పడుతున్న చినుకు దారిలో ఉన్నదాన్ని ఊడ్చుకుంటూ రావడం రెండోది. సల్ఫేట్ విషయంలో మొదటిదే పెద్దది. చినుకు ఊడ్చేది దుమ్మును బాగా, సన్న కణాలను అంతంతమాత్రంగా.

మొదటి చినుకులను వేరుగా సీసాలో పట్టి, అరగంట తర్వాతి నీటిని ఇంకో సీసాలో పట్టి పక్కపక్కన కొలిస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. మొదటి సీసాలో అన్నీ ఎక్కువే. కానీ ఎక్కువ సల్ఫేట్ ఉన్నంత మాత్రాన ఎక్కువ ఆమ్లం అనుకోవద్దు. కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కరిగిన శుభ్రమైన వాన పీహెచ్ 5.6 ఉంటుంది. సున్నం దుమ్ము బాగా ఉన్న చోట మొదటి సీసా పీహెచ్ 6.5 చూపించి, దుమ్ము కడుక్కుపోయాక రెండో సీసా 5 చూపించడం మామూలే. పీహెచ్ చూసి గంధకం ఎంతుందో చెప్పకండి. పీహెచ్ చెప్పేది ఆమ్లానికీ క్షారానికీ మధ్య మిగిలిన తేడా మాత్రమే. సల్ఫేట్‌ను విడిగా కొలవాల్సిందే.

నీళ్లు పట్టే డబ్బా మీద మూత ఉండాలి, అది వాన పడ్డప్పుడే తెరుచుకోవాలి. తెరిచి ఉంచిన డబ్బాలో పొడి దుమ్ము కూడా చేరుతుంది, ఇక వాన తెచ్చిందేదో, గాలి తెచ్చిందేదో చెప్పలేరు. మా మూత ఒకసారి సగంలో ఇరుక్కుపోయింది. దాని అంచు మీద ఒక కాకి మకాం పెట్టింది. ఆ వారం నీళ్లలో అమ్మోనియం, ఫాస్ఫేట్ ఆకాశాన్ని అంటాయి, పీహెచ్ 7 దాటింది. ఎంత శుభ్రమైన వానో అని రాసేవాళ్లమే, ఫాస్ఫేట్ చూసి అనుమానం రాకపోతే. వాన నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువగా కనబడిందా, ముందు డబ్బా అంచు చూడండి.

మీరుండేది సముద్రానికి దగ్గరైతే ఇంకో తీసివేత కూడా చేయాలి. అలల తుంపరతో ఎగిరే ఉప్పులోనూ సల్ఫేట్ ఉంటుంది, ప్రతి గ్రాము సోడియంకు 0.25 గ్రాముల చొప్పున. నీళ్లలో సోడియం కొలిచి, దాన్ని 0.25తో గుణించి, వచ్చినంత సల్ఫేట్‌ను తీసేస్తే మిగిలేదే సముద్రపు ఉప్పుతో సంబంధం లేని వాటా. ఆ వాటా కూడా మొత్తం ఫ్యాక్టరీలదే కాదు. సముద్రంలోని సూక్ష్మ మొక్కల వల్ల పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు గాలిలో ఒకటి రెండు రోజుల్లో మారి కొంత సల్ఫర్ డయాక్సైడ్, కొంత మిథేన్ సల్ఫోనిక్ ఆమ్లం అవుతుంది. ఈ రెండోది పొగగొట్టాల నుంచి రాదు, కాబట్టి అది నీళ్లలో కనబడితే సముద్రం సంతకం దొరికినట్టే.

ఎత్తును బట్టి ఆయుష్షు

ఇక మీ అంతరిక్షం సందేహం. గంధకం అంత పైకి పోదు గానీ, ఎంత ఎత్తుకు చేరిందన్న దాని మీదే అది ఎన్నాళ్లుంటుందో ఆధారపడుతుంది. మబ్బులూ వానలూ ఉండేది ట్రోపో ఆవరణంలో. దాని పైన స్ట్రాటో ఆవరణంలో వానే లేదు. అక్కడికి చేరిన గంధకాన్ని దించే చీపురే లేదు.

1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం సుమారు కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను నేరుగా అక్కడికి చేర్చింది. కింద ఒకటి రెండు రోజుల్లో అయిపోయే గ్యాస్, అక్కడ ఆమ్లంగా మారడానికే నెల రోజుల దాకా తీసుకుంది. ఆ ఆమ్లపు తుంపర భూమి చుట్టూ పరుచుకుని ఏడాది పైన నిలిచింది, మరుసటి ఏడాది భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. ఇంతకన్నా ఎన్నో రెట్లు గ్యాస్‌ను, 12 కోట్ల టన్నుల దాకా, 1783 జూన్ నుంచి ఎనిమిది నెలల పాటు ఐస్‌లాండ్‌లోని లాకీ బిలాలు వదిలాయి. అందులో చాలా భాగం మబ్బులకు అందే ఎత్తుల్లోనే ఉంది, యూరప్ మీద పొడి పొగలా కమ్మి ఆమ్లంగా దిగిపోయింది. 2022 జనవరిలో టోంగా దగ్గర హుంగా అగ్నిపర్వతం అంత భీకరంగా పేలినా పైకి పంపినదాంట్లో గంధకం తక్కువ, నీటి ఆవిరి ఎక్కువ. పేలుడు ఎంత పెద్దదన్నది కాదు, ఎంత గంధకం ఎంత ఎత్తుకు చేరిందన్నదే లెక్క.

పేలుళ్లు లేనప్పుడు కూడా స్ట్రాటో ఆవరణంలో పలచటి సల్ఫేట్ పొర ఎప్పుడూ ఉంటుంది. 1960ల మొదట్లో దాన్ని గుర్తించిన క్రిస్టియన్ యుంగె పేరే దానికి పెట్టారు. దానికి గంధకాన్ని అందించే వాటిలో ముఖ్యమైనది కార్బొనిల్ సల్ఫైడ్. ఇది నీళ్లలో అంతగా కరగదు, హైడ్రాక్సిల్‌కూ సులభంగా లొంగదు. అందుకే సుమారు రెండేళ్లు బతికి, గాలిలో లక్ష కోట్ల వంతుల్లో 500 వంతుల దాకా ఉంటూ, తీరిగ్గా పైకి పోతుంది. దీన్ని ఎక్కువగా లాక్కునేవి మొక్కలే, కార్బన్ డయాక్సైడ్‌తో పాటే ఆకులోకి తీసుకుంటాయి. గంధకం త్వరగా దిగిపోతుందన్న నా మాటకు ఇదొక్కటీ మినహాయింపు.

పొగగొట్టం ఎత్తు పెంచితే సరిపోతుందా అని కూడా మీరు చివర్లో అడిగారు. పక్క వీధికి సరిపోతుంది. కెనడాలోని సడ్‌బరీలో నికెల్ కరిగించే కొలిమికి 1972లో 381 మీటర్ల పొగగొట్టం పని మొదలుపెట్టింది. ఊళ్లో గాలి మెరుగైంది నిజమే. గ్యాస్ ఎత్తున పడటంతో నేలకు తగిలే అవకాశం తగ్గింది, మబ్బును కలిసే సమయం పెరిగింది, ఎక్కడో దూరాన సల్ఫేట్‌గా దిగింది. కొలిమిలో మార్పు చేసి, పొగను సున్నపురాయి ముద్దతో కడిగి జిప్సంగా పట్టుకుంటేనే గంధకం తగ్గినట్టు. లేదా ఇంధనంలోనే తగ్గించాలి. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించింది అలాగే.

దిగాక

నేలకు చేరడంతో కథ అయిపోదు, కాకపోతే నా పని అక్కడితో అయిపోతుంది కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మట్టిలో చేరిన సల్ఫేట్ కాల్షియం, మెగ్నీషియంలను వెంటబెట్టుకుని కిందికి జారుతుంది. అవి అయిపోయిన పలచటి నేలల్లో అల్యూమినియం కరిగి చెరువులకు చేరి చేపలను చంపుతుంది. కొన్ని నేలలు దశాబ్దాల పాటు సల్ఫేట్‌ను దాచుకుని, గాలి బాగుపడ్డాక కూడా నెమ్మదిగా వదులుతూ ఉంటాయి. గాలి అంకెలు బాగుపడినా చెరువు అంకెలు బాగుపడలేదంటే ఎవరో అబద్ధం చెప్తున్నారని కాదు. ఇంకోవైపు, యూరప్‌లో గాలి నుంచి ఉచితంగా దిగే గంధకం తగ్గిపోయాక ఆవజాతి పంటలకు గంధకం ఎరువుగా వేయాల్సి వస్తోంది.

మీ డేటాకు వద్దాం. మీరు చేయగలిగినవి రెండున్నాయి. ఒకటి, సల్ఫర్ డయాక్సైడ్ పక్కనే గాలి దిక్కు, తేమ, వీలైతే సన్న కణాల రీడింగ్ కూడా గంటగంటకూ గీయండి. గ్యాస్ తగ్గుతూ తేమా కణాలూ పెరుగుతుంటే రూపం మారుతోందని అనుమానించండి. అన్నీ కలిసే తగ్గితే పలచబడుతోంది, లేదా గాలి తిరిగింది. రెండు, కనీసం నెల రోజులు ఫిల్టర్ గూడు పెట్టి గ్యాస్, సల్ఫేట్ విడివిడిగా కొలిచి, రెంటిలోని గంధకాన్ని కలపండి. కలిపేటప్పుడు గ్యాస్ బరువులో సగమే గంధకం, సల్ఫేట్ బరువులో మూడో వంతే గంధకం అని గుర్తుంచుకోండి. ఆ భాగాహారం మర్చిపోయి రెండు బరువులనూ నేరుగా కూడిన పట్టికలు నా బల్ల మీదికి ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. ఒక వారం అంకెలు చేతికొచ్చాక ఇక్కడే పెట్టండి, పొగమంచు పట్టిన రోజులను విడిగా గుర్తు పెట్టి మరీ. చూసి చెప్తాను.